మొహమాటపు సంతకం

మన భాషలో మొహమాటం అనే మాట ఒకటి వున్నది. ఎదుటి మనిషి ముఖం చూసి కాదనలేకపోవడమని దానికి తాత్పర్యం చెప్పుకోవచ్చు. వియ్యాలవారింట్లో వద్దు వద్దంటూనే నాలుగో గారె వేయించుకోవడం దగ్గరనుంచి, ఆఫీసులో పక్క కుర్చీ మనిషి అప్పుకాగితం మీద సంతకం పెట్టడం దాకా అన్నీ దాని పరిధిలోకే వస్తాయి. గారెవల్ల వచ్చిన అజీర్తి మరునాటికి తగ్గుతుంది. సంతకంవల్ల వచ్చేది అంత తేలిగ్గా తగ్గదు. ఈ రెండో రకాన్ని గురించే నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను.

ఇరవై ఏళ్ళుగా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుంటున్నవాణ్ణి. అక్కడ జవాబు పత్రాల తర్వాత ఎక్కువగా చేతులు మారే కాగితం పూచీకత్తు కాగితమే. టీ తాగుతున్న వేళ చూసి తెస్తారు. "చిన్న సంతకమే మాస్టారూ, పేరుకి మాత్రమే" అంటారు. పిల్లల వ్యాసాల్లో అరసున్న తప్పిపోయినా ఎర్రసిరా గీసే పండితులు కూడా ఆ సన్నటి అక్షరాల రెండు పేజీలూ చదవకుండా కింద సంతకం గీసేస్తారు. ఎదురుగా మనిషి నిలబడి వుండగా చదవడమంటే అతణ్ణి అనుమానించినట్టు కాదూ!

అసలు చిక్కు ఎక్కడ వుందో మన పూర్వులకు బాగా తెలుసు. యాజ్ఞవల్క్య స్మృతిలో పూచీ మూడు విధాలు. మనిషిని వేళకు హాజరు పరుస్తానని చెప్పడం మొదటిది. ఇతను నమ్మదగినవాడని చెప్పడం రెండోది. ఇతను ఇవ్వకపోతే నేను ఇస్తానని ఒప్పుకోవడం మూడోది. మొదటి రెండు రకాల పూచీ పడినవాడు పోతే అతని కొడుకుల మీదికి ఆ భారం రాదు. మూడోరకం వాడి కొడుకులు మాత్రం చెల్లించవలసిందే. ఆ స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరమనే పేరుతో తెలుగు చేశాడు. అంటే అప్పుల ధర్మశాస్త్రం తెలుగులోకి వచ్చి ఏడువందల ఏళ్ళు దాటిందన్నమాట. మరో మాట కూడా వుంది. ఆస్తి పంచుకోని అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, భార్యాభర్తలు ఒకరికొకరు పూచీ పడటానికి వీల్లేదని ఆ స్మృతి నిషేధించింది. ఈనాడు బ్యాంకువారు మొట్టమొదట ఇల్లాలి సంతకమే అడుగుతున్నారు. కాలమహిమ!

సంతకం పెట్టేవాడి మనసులో వుండేది రెండోరకం పూచీ. "కుర్రాడు మంచివాడు, నాకు తెలుసు" అని చెప్పడమే తన పని అనుకుంటాడు. కాగితం మీద వుండేది మూడోరకం. ఈ రెంటికీ మధ్య వున్న దూరంలోనే కొంపలు కూలుతున్నాయి.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, పూచీదారు బాధ్యత అసలు ఋణస్థుడి బాధ్యతతో సమానం. "ముందు అతణ్ణి అడగండి, అతని దగ్గర వసూలు కాకపోతే నా దగ్గరికి రండి" అనే హక్కు పూచీదారుకు లేదు. బీహారు బ్యాంకు, దామోదర్ ప్రసాద్ కేసులో 1968లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేటతెల్లం చేసింది. డిక్రీ వచ్చిన తర్వాత జీతం జప్తు చేయించవచ్చు. మినహాయింపు వున్న భత్యాలు తీసివేయగా మిగిలిన జీతంలో మొదటి వెయ్యి రూపాయలనూ, తక్కినదానిలో మూడింట రెండు వంతులనూ ముట్టుకోకూడదు. ఆ లెక్కన 61,000 రూపాయలకు నెలకు 20,000 దాకా పోతుంది. ఒకే డిక్రీ కింద అయితే ఈ జప్తు మొత్తం 24 నెలలకు మించకూడదు. నెలజీతగాడి ఇంట్లో 24 నెలలంటే ఎంతో ఇల్లాళ్ళను అడిగితే చెబుతారు.

ఇక చీటీల సంగతి. ఇది మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య గనుక క్లుప్తంగా చెబుతాను. 50 మంది నెలకు 10,000 చొప్పున కట్టే అయిదు లక్షల చీటీ వుందనుకోండి. అవసరం వున్నవాడు నాలుగో నెలలోనే పాట పాడి లక్షన్నర వదులుకుని మూడున్నర లక్షలు ఎత్తుకుంటాడు. వదులుకున్న దానిలో కంపెనీ కమిషన్ పోను మిగిలింది సభ్యులందరికీ డివిడెండు. (ఈ కమిషన్ గరిష్ఠ పరిమితిని 2019 సవరణలో నూటికి 5 నుంచి 7కు పెంచారు.) ఎత్తుకున్నవాడు ఇంకా 46 నెలలు కట్టాలి. అంతకాలం అతను కడతాడని ఎవరు చెప్పాలి? అందుకే పూచీదార్లు. మూడున్నర లక్షలు చేతికి వచ్చింది ఒకరికి, 46 నెలల భయం వచ్చింది మరి ముగ్గురికి!

ఈ లెక్క నేను ఊహించి వేసింది కాదు. మా ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పే కుర్రవాడు 2019 నవంబరులో సరిగ్గా ఇలాగే చీటీ ఎత్తాడు. చెప్పడంలో దిట్ట. నెలజీతం మీద బతకడం ఎన్నాళ్ళని, సొంతంగా కోచింగు సెంటరు పెట్టాడు. హాలుకు అడ్వాన్సు, బల్లలు, బోర్డులు, గోడల మీద రాతలు — డబ్బంతా వాటికే అయిపోయింది. పిల్లలు చేరకముందే డిసెంబరులో వున్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు గాని, రెండో పడవ నీళ్ళలోకి దిగేదాకా మొదటిదాంట్లో వుంటే తప్పేమిటో నాకు తెలియదు. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకుంది. రిజర్వు బ్యాంకు ఆ నెల 27న ప్రకటించి, తరువాత ఆగస్టు ఆఖరు దాకా పొడిగించిన వెసులుబాటు అప్పుల వాయిదాలకు. ఇతని చీటీకి అదేమీ దొరకలేదు.

పూచీదార్లలో ఒకరు మా కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఇద్దరిదీ ఒకే ఊరు; వరసకు బాబాయి. "బాబాయ్, ఒక్క సంతకం" అన్నాడు, పెట్టాడాయన. రెండో ఆయన కిరాణా కొట్టు యజమాని, మూడోవాడు ప్రైవేటు స్కూలు టీచరు. స్కూళ్ళు మూతబడి టీచరుకు జీతమే లేదు. కంపెనీవారు ఎవరి దగ్గరికి వస్తారు? కాసే చెట్టుకే రాళ్ళదెబ్బలు. పైగా బాకీ పడినవాడి నుంచి, రాతపూర్వకంగా అడిగి, మిగతా వాయిదాలన్నీ ఒక్కసారిగా కోరే హక్కు 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ఇచ్చింది. ఏడు నెలల బాకీ సంగతి మా ఆఫీసాయనకు నోటీసు వచ్చిన రోజునే తెలిసింది. అంతకుముందు వారమే ఆ కుర్రవాడు రోడ్డు మీద కనిపించి, "అంతా బాగానే వుంది బాబాయ్" అని చెప్పి వెళ్ళాడట.

మొత్తం 4,20,000 తేలింది. కుర్రవాడు మోటారుసైకిలు అమ్మి, తల్లి గాజులు అమ్మి 80,000 కట్టాడు. కొట్టాయన లక్ష ఇచ్చాడు. మిగిలిన 2,40,000 మా ఆయన ప్రావిడెంటు ఫండు నుంచి తీసి 2021లో కట్టాడు. అది కూతురు ఇంజనీరింగు చదువుకని దాచుకున్నది. ఆ పిల్ల హాస్టలు మానుకుని రోజూ బస్సులో వెళ్ళి వచ్చి చదివింది. తోటి పూచీదార్లు తమలో తాము సమానంగా భరించాలని 146వ సెక్షను చెబుతుంది. ఆ ప్రకారం ఆయన వాటా 1,13,333 రూపాయలే. మిగతాదాని కోసం టీచరు మీద దావా వేయమని నేనే చెప్పాను. "అతని ఇంట్లో చంటిపిల్లలున్నారండీ" అన్నాడు. అక్కడా మొహమాటమే!

డబ్బు పోయినందుకు ఆయన ఎన్నడూ గట్టిగా మాట్లాడలేదు. "మొదటి నెల తప్పినప్పుడే చెబితే నేనే కట్టి వుందును కదా, పదివేలతో ఆగేదేమో" అని మాత్రం ఎన్నోసార్లు అన్నాడు. నన్నడిగితే పూచీ పడినవాడు రెండు మూడు నెలలకొకసారి పాస్‌బుక్కు చూపించమని అడగాలి. అది అవమానమేమీ కాదు. అడగడానికి నోరు రానివాడికి సంతకం పెట్టడానికి చెయ్యి ఎలా వచ్చింది? బ్యాంకు అప్పుకు పడిన పూచీ మన ఋణచరిత్రలో కూడా నమోదవుతుంది. రేపు మనం ఇంటి కోసం అప్పు అడిగితే అది ముందుగా కనిపిస్తుంది.

నా దగ్గరికి కాగితం వచ్చినప్పుడు, "ఇంట్లో చూపించి రేపు చెబుతాను" అంటాను. నిజంగానే చూపిస్తాను. మా ఆవిడ ఒకే ప్రశ్న వేస్తుంది: "ఈ మొత్తం మనం అతనికి ఊరికే ఇవ్వగలమా?" ఇవ్వలేమనుకుంటే సంతకం లేదు. దానికి బదులు, తిరిగి రాకపోయినా బాధపడని చిన్న మొత్తం చేతిలో పెడతాం. పిల్లల చదువు కోసమైతే, నాలుగు లక్షల దాకా విద్యాఋణానికి బయటి మనిషి పూచీ అక్కరలేదని బ్యాంకుల నమూనా పథకంలోనే వుందని చెప్పి పంపిస్తాను. దీనివల్ల ఇద్దరు మిత్రులు కొన్నాళ్ళు నాతో ముభావంగా వున్నారు. ఒకరు మళ్ళీ మామూలుగా మాట్లాడుతున్నారు.

ఆ లెక్కల మాస్టారికి తర్వాత మరో కాలేజీలో ఉద్యోగం దొరికింది. 2022 జూన్‌లో వచ్చి, నెలకు 4,000 చొప్పున అరవై నెలల్లో తీరుస్తానని తెల్లకాగితం మీద తానే రాసి, సంతకం చేసి, బాబాయి చేతికిచ్చాడు. సాక్షి సంతకం నేను పెట్టాను, చదివే పెట్టాను. ఆ మొదటి ఏడాదిలో రెండుసార్లు ఆలస్యమైంది. రెండుసార్లూ ముందురోజే ఫోను చేశాడు. ఆ ఫోను వచ్చినప్పుడు మా ఆఫీసాయన లేచి, వరండా చివరకు వెళ్ళి మాట్లాడి వచ్చేవాడు.