"రక్షణ పొందారా?" అని అడిగే పొరుగువాళ్ల నమ్మకం ఏమిటి?

నేరేడుచర్లలో మన కుటుంబాల్లో చాలామందికి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడో, కాలేజీలో తోటి విద్యార్థో, ఆస్పత్రి వరండాలో చిన్న కరపత్రం చేతిలో పెట్టిన పెద్దాయనో "మీరు రక్షణ పొందారా?" అని అడుగుతారు. మనవాళ్లలో కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరు వాదనకు దిగుతారు. అడిగినవాళ్ల నోట 'రక్షణ' అంటే ఏమిటో తెలియకుండానే ఆ వాదన నడుస్తుంది. మనం నజాత్ అనేదానికీ, వాళ్లు రక్షణ అనేదానికీ చుట్టరికం ఉంది కానీ రెండూ ఒకటి కాదు.

ఆ ప్రశ్న వెనకున్న ఆలోచనను అన్నిటికంటే గట్టిగా, వరుసగా చెప్పిన శాఖ రిఫార్మ్డ్ క్రైస్తవం. ఆ సిద్ధాంతాన్ని నమ్ముతూ సువార్త ప్రచారం కూడా తమ బాధ్యత అనుకునేవాళ్లను రిఫార్మ్డ్ ఇవాంజెలికల్స్ అంటారు.

ఒక మాట ముందే చెప్పాలి. మన చుట్టుపక్కల చాలా చర్చిల బోర్డుల మీద ఈ పేరు ఉండదు. పాత నల్లగొండ జిల్లాలో మిషన్ పని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు అబ్రహం ఫ్రీసెన్. ఆయన రష్యాకు చెందిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1889లో భార్యతో కలిసి ఇండియాకు వచ్చి నల్లగొండలో స్థిరపడ్డారు. తర్వాత సూర్యాపేటలోనూ ఆ మిషన్ కేంద్రం వచ్చింది. బాప్టిస్టులు, మెన్నొనైట్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. నమ్మి, తమ నోటితో ఒప్పుకున్నవాళ్లనే నీళ్లలో ముంచుతారు. రిఫార్మ్డ్ శాఖల్లో పాతవైన ప్రెస్బిటేరియన్ల లాంటివాళ్లు పసిపిల్లలకూ ఇస్తారు. ఇలాంటి తేడాలు చాలా ఉన్నా కృప, విశ్వాసం, రక్షణ అనే మాటల దగ్గరికి వచ్చేసరికి వీళ్లంతా దాదాపు ఒకే భాష మాట్లాడతారు.

ఆ భాష పుట్టింది యూరప్‌లో. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ కేథలిక్ చర్చిని నిలదీశాడు. స్విట్జర్లాండ్‌లో జ్వింగ్లీ, ఆయన తర్వాత జెనీవాలో జాన్ కాల్విన్ ఆ సంస్కరణను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. జ్యూరిక్ చర్చిల్లోంచి విగ్రహాలు, పటాలు తీసేశారు. ఉత్త గోడలు, మధ్యలో గ్రంథం, ప్రసంగం. మస్జిద్‌లో పెరిగిన మనిషి అలాంటి చర్చిలోకి వెళ్తే కేథలిక్ చర్చిలో కన్నా తక్కువ కొత్తగా అనిపిస్తుంది. దేవుడికీ మనిషికీ మధ్య క్షమాపణ ఇప్పించే పూజారి అక్కర్లేదన్నారు. మతం విషయంలో ఆఖరి మాట బైబిల్‌దే, పోప్‌ది కాదన్నారు. ఇంతవరకూ మనకు అర్థం చేసుకోవడం కష్టం కాదు.

అసలు సంగతి రక్షణ దగ్గర మొదలవుతుంది. కామర్స్ చదివినవాళ్లకు ఈ భాగం తొందరగా ఎక్కుతుంది, ఎందుకంటే ఇదంతా ఖాతా లెక్క. రిఫార్మ్డ్ బోధ ప్రకారం ఆదాము చేసిన పాపం వల్ల మనుషులంతా పుట్టుకతోనే అప్పుల్లో ఉన్నారు. ఎంత మంచి చేసినా ఆ అప్పు తీరదు, ఎందుకంటే చేసే మంచిలో కూడా స్వార్థమో గర్వమో కలిసే ఉంటుంది. అందుకని యేసు తన జీవితమంతా పాపం లేకుండా గడిపి, సిలువ మీద ఆ శిక్ష తాను తీసుకున్నాడని వాళ్ల నమ్మకం. నమ్మినవాడి పాపం యేసు ఖాతాలోకి, యేసు నీతి నమ్మినవాడి ఖాతాలోకి బదిలీ అవుతుంది. మనిషి చేసేది ఆ బదిలీని నమ్మడమే. ఆ నమ్మకం కూడా మనిషి సొంత సంపాదన కాదు, అదీ దేవుడు ఇచ్చిందే అంటారు.

మనం ఇక్కడే విడిపోతాం, దాన్ని మర్యాద కోసం దాచాల్సిన పనిలేదు. ఆదం అలైహిస్సలాం తౌబా చేశారు, అల్లాహ్ క్షమించాడు, ఆ విషయం అక్కడితో అయిపోయింది. బిడ్డ పుట్టేది ఫిత్రత్ మీద. ఒకరి పాపభారం ఇంకొకరి మీద పడదన్నది ఖుర్ఆన్‌లో పదేపదే వచ్చే విషయం. ఈసా అలైహిస్సలాం మనకు గొప్ప ప్రవక్త, వాళ్లకు దేవుని కుమారుడు, త్రిత్వంలో ఒకరు. సిలువ మరణాన్ని మనం ఒప్పుకోం. అది తీసేస్తే వాళ్ల లెక్కలో బదిలీ చేయడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ ఒక్క విషయంలో వాళ్లు అంగుళం కూడా కదలరు.

అయితే మనవాళ్లు తరచూ అనే ఒక మాట మాత్రం తప్పు. "వాళ్లకేం, నమ్మితే చాలు, ఏ పాపం చేసినా మాఫ్" అంటుంటారు. రిఫార్మ్డ్ చర్చిలు పిల్లలకు నేర్పే హైడెల్బర్గ్ ప్రశ్నోత్తరాల పుస్తకం 1563 నాటిది. అందులో 129 ప్రశ్నలు, మూడు భాగాలు. మొదటి భాగం మనిషి దురవస్థ, రెండోది విడుదల, మూడోది కృతజ్ఞత. పది ఆజ్ఞల వివరణ పెట్టింది ఆ మూడో భాగంలో. అంటే మంచిపనులు రక్షణకు కట్టే ధర కాదు, రక్షణ దొరికినందుకు చూపే కృతజ్ఞత. మంచి నడవడి అస్సలు లేనివాడి విశ్వాసం నిజమైనది కాదని కూడా వాళ్లే చెప్తారు. నమాజుకు రాని మనిషిని చూసి "ఇస్లాంలో ఇంతే" అని ఎవరైనా అంటే మనకు ఎలా ఉంటుంది? ఇదీ అలాంటిదే. కేవలం తన అమల్‌తో ఎవరూ జన్నత్‌కు వెళ్లరని, అల్లాహ్ రహ్మత్ ఉండాల్సిందేనని బుఖారీ, ముస్లిం హదీసుల్లో మనకూ ఉంది. తేడా ఏమిటంటే మన దగ్గర మీజాన్ ఉంది, అమల్ తూకానికి వస్తుంది. ఖౌఫ్, ఉమ్మీద్ రెండిటి మధ్య బతకమని పెద్దలు చెప్తారు. వాళ్ల దృష్టిలో నిజమైన విశ్వాసికి తీర్పు ఇప్పటికే వచ్చేసింది. 'రక్షణ పొందారా' అని జరిగిపోయిన పనిలా అడగడానికి కారణం అదే.

ఇక తఖ్దీర్. రిఫార్మ్డ్ బోధకు ప్రపంచంలో ఎక్కువ పేరూ, ఎక్కువ తిట్లూ తెచ్చింది ఇదే. ఎవరిని రక్షించాలో దేవుడు సృష్టికి ముందే నిర్ణయించాడు, ఆ ఎంపిక మనిషి మంచితనం చూసి కాదు అంటారు. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ పట్టణంలో పెద్ద మతసభ జరిగింది. మనిషి సొంతంగా దేవుని వైపు తిరగలేడని, ఎంపిక షరతులు లేనిదని, యేసు మరణం ఎన్నుకోబడినవాళ్ల కోసమని, దేవుని కృపను చివరికి ఎవరూ తోసిపుచ్చలేరని, నిజంగా రక్షణ పొందినవాళ్లు దాన్ని పోగొట్టుకోరని ఆ సభ ఖాయం చేసింది. వాదన అంతటితో ఆగలేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మిత్రులైన జార్జి వైట్‌ఫీల్డ్, జాన్ వెస్లీ ఇద్దరూ దీని మీదే విడిపోయారు. వెస్లీ ఈ ఎంపికను ఒప్పుకోలేదు. మనం సెలవుల్లో చూడ్డానికి వెళ్లే మెదక్ చర్చి ఆ వెస్లీ అనుచరులు కట్టించినదే, 1924లో ప్రారంభమైంది. 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో వెస్లీ మనుషులూ, కాల్విన్ దారిలో వచ్చిన ప్రెస్బిటేరియన్లూ కలిసి ఒకే కప్పు కిందికి వచ్చారు. మెదక్ చర్చిలో ప్రార్థన చేసే మామూలు మనిషి ఈ పాత గొడవ విని కూడా ఉండకపోవచ్చు.

మనకు ఇది కొత్త కాదు. మనిషి చేతిలో ఏమీ లేదన్న జబరియా, అంతా మనిషి చేతిలోనే అన్న ఖదరియా, వాళ్ల తర్వాత ముఅతజిలా, అష్అరీ... ఇస్లాం తొలి శతాబ్దాల్లో జరిగింది దాదాపు ఇదే చర్చ. అంతా అల్లాహ్ ఇల్మ్‌లో ఉంది, అయినా మన పనికి మనమే జవాబుదారులం అని మన ఉలమా అంటారు. రిఫార్మ్డ్ పండితులు కూడా రెండు కొసలూ వదలరు. క్రైస్తవుల పెళ్లిపత్రికల్లో, మాటల్లో 'దేవుని చిత్తమైతే' అని వినిపిస్తుంది. మన ఇన్షాఅల్లాహ్ గుర్తొస్తుంది.

మరి అంతా ముందే రాసి ఉంటే కరపత్రాలు పంచడం ఎందుకు? ఈ ప్రశ్న వాళ్లలో వాళ్లకే వచ్చింది. 1792లో విలియం కేరీ అనే ఇంగ్లీషు బాప్టిస్టు దీని మీద చిన్న పుస్తకం రాశాడు. ఆయన కాల్విన్ సిద్ధాంతం నమ్మే బాప్టిస్టుల శాఖవాడే. దేవుడు ఫలితాన్ని నిర్ణయిస్తాడు, దానికి దారిని కూడా నిర్ణయిస్తాడు, ఆ దారి మనుషులే అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదే బెంగాల్ చేరాడు. సిరాంపూర్‌లో ఆయన ప్రెస్ నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా వచ్చింది. ముందే రాసి ఉందని నమ్మిన మనిషే అంత పని చేయడం నాకైతే ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఆలోచించదగ్గదిగా కనిపిస్తుంది.

ఇంకో ఉదాహరణ మన ఇళ్లకు ఇంకా దగ్గరిది. పెద్ద జబ్బు వస్తే కాట్పాడిలో రైలు దిగి వెల్లూరు సీఎంసీకి వెళ్లిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. ఆ ఆస్పత్రి స్థాపించిన ఐడా స్కడర్ కుటుంబం అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చికి చెందింది. ఆ చర్చి ఆర్కాటు మిషన్‌ను 1853లో మొదలుపెట్టిందే స్కడర్ అన్నదమ్ములు. తెలుగు ప్రాంతంలో మదనపల్లె ఆ మిషన్‌దే. ఐడా యువతిగా ఉన్నప్పుడు మిషనరీ కావాలన్న ఉద్దేశమే లేదు, తల్లికి జబ్బు చేస్తే తిండివనం వచ్చింది. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ప్రసవంతో బాధపడుతున్న తమ భార్యల కోసం ఆమెను రమ్మన్నారు. ఆ ముగ్గురిలో ఒకరు ముస్లిం. డాక్టరైన ఆమె తండ్రి వస్తానంటే పరాయి మగవాడు వద్దన్నారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు.

దాన్ని 'రాసిపెట్టి ఉంది' అని ఆమె వదిలేయలేదు, దేవుడు తనను పిలుస్తున్నాడనుకుంది. అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో డాక్టరు చదువు పూర్తిచేసి, 1900లో వెల్లూరులో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో ఆస్పత్రి కట్టింది. 1918లో అక్కడే ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచింది.