తొక్కినా కదలదు.. లోపమెక్కడ?
యాక్సిలరేటర్ సెన్సర్‌పై అనుమానమా? విడిభాగం మార్చే ముందు పరీక్షలు తప్పనిసరి

మహేశ్వరం: తుక్కుగూడ వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కిన కారు శంషాబాద్ వైపు వేగంగా సాగుతుంటుంది. ఉన్నట్టుండి పికప్ పడిపోతుంది. యాక్సిలరేటర్‌ను అడుగు వరకు తొక్కినా ఇంజిన్ వేగం పుంజుకోదు. డ్యాష్‌బోర్డుపై పసుపు దీపం వెలుగుతుంది. వెనుక నుంచి లారీలు దూసుకొస్తుంటే చోదకునికి ముచ్చెమటలు పడతాయి. పక్కకు ఆపి, ఇంజిన్ ఆర్పి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ జరగనట్లే బండి కదులుతుంది. నాలుగు రోజులు గడిచాక మళ్లీ అదే తంతు. ఇలాంటి సందర్భాలలో మొదట అనుమానించవలసిన వాటిలో యాక్సిలరేటర్ పెడల్ పొజిషన్ సెన్సర్ ఒకటి. అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు.

శంషాబాద్‌లో 2008 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ట్యాక్సీలే జీవనాధారమైన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. వాయిదాలపై కారు కొన్నవారికి బండి షెడ్డుకు చేరిందంటే ఆ రోజు కిరాయి పోయినట్లే. తొందరలో ఒకదాని తరువాత మరొకటి విడిభాగాలు మారిస్తే వేల రూపాయలు ఖర్చవుతాయి, అసలు లోపం మాత్రం అలాగే మిగులుతుంది.

కేబుల్ స్థానంలో విద్యుత్తు

పాత కార్లు, జీపులలో పెడల్ నుంచి ఇంజిన్ వరకు కేబుల్ గానీ, ఇనుప కడ్డీ గానీ ఉండేది. అది తెగితే కంటికి కనిపించేది. నేటి కార్లలో ఆ కేబుల్ లేదు. పెడల్‌ను ఎంత తొక్కారో సెన్సర్ గ్రహించి, ఆ మేరకు విద్యుత్ సంకేతాన్ని మెకానిక్‌లు ఈసీఎంగా పిలిచే ఇంజిన్ కంప్యూటర్‌కు పంపుతుంది. దానిని బట్టి పెట్రోలు కార్లలో గాలి ద్వారం తెరుచుకుంటుంది, డీజిలు బండ్లలో ఇంధనం మోతాదు పెరుగుతుంది.

భద్రత కోసం పెడల్‌లో ఒకటి కాదు, రెండు సెన్సర్లను అమరుస్తారు. వీటికి సాధారణంగా ఆరు తీగలు ఉంటాయి. ఒక్కో సెన్సర్‌కు 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సంకేతం చొప్పున మూడేసి తీగలన్నమాట. చాలా కార్లలో మొదటి సెన్సర్ సంకేతం సుమారు 0.7 వోల్టుల నుంచి 4 వోల్టుల వరకు పెరుగుతుంది, రెండోది అందులో సగం ఉంటుంది. మోడల్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి. ఈసీఎం ఈ రెండింటినీ నిరంతరం సరిపోల్చుతుంది. పొంతన కుదరకపోతే ప్రమాదం జరగకుండా ఇంజిన్ శక్తిని తగ్గించివేస్తుంది. దీనినే లింప్ మోడ్ అంటారు.

స్కానర్ చెప్పేది కొంతే

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కార్లలోనూ, అంతకు కొన్నేళ్ల ముందు నాటి కార్లలోనూ స్టీరింగ్ పరిసరాల్లో 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. స్కానర్ తగిలిస్తే లోపం కోడ్ కనిపిస్తుంది. పీ2122, పీ2127 వస్తే సంకేతం ఉండవలసిన దానికన్నా తక్కువగా ఉన్నట్లు, పీ2123, పీ2128 వస్తే ఎక్కువగా ఉన్నట్లు అర్థం. పీ2138 వస్తే రెండు సెన్సర్ల మధ్య పొంతన లేదని గ్రహించాలి.

కోడ్ అనేది థర్మామీటర్ వంటిది. జ్వరం ఉందని చెబుతుందే తప్ప కారణం చెప్పదు. సెన్సర్ అరిగినా, తీగ తెగినా, కనెక్టర్‌లో తేమ చేరినా ఇదే కోడ్ రావచ్చు. అందువల్ల కోడ్‌ను చెరిపివేసే ముందు కాగితంపై రాసుకోవాలి.

పరీక్షలు ఇలా

* ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్టు చేయకుండా స్కానర్‌లో రెండు సెన్సర్ల అంకెలను చూడాలి. పెడల్‌ను నెమ్మదిగా తొక్కి వదిలితే అవి నిలకడగా పెరిగి తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా పడిపోతే అక్కడ సెన్సర్ అరిగి ఉండవచ్చు.
* ఇగ్నిషన్ ఆపి కనెక్టర్ విప్పాలి. పచ్చటి తుప్పు, తడి, వదులైన పిన్నులు, ఎలుకలు కొరికిన తీగలు ఉన్నాయేమో పరిశీలించాలి.
* మల్టీమీటర్‌తో 5 వోల్టుల సరఫరా, ఎర్త్ సరిగా అందుతున్నాయో చూడాలి. సరఫరా లేకుంటే తప్పు పెడల్‌ది కాదు. అదే సరఫరాను పంచుకునే మరో సెన్సర్ షార్టయినా ఇలా జరుగుతుంది.
* సంకేతం తీగలపై వోల్టేజీ కొలుస్తూ తీగల కట్టను మెల్లగా కదపాలి. అప్పుడు అంకె ఎగిరితే లోపం వైరింగ్‌లోనే ఉంది.

సరఫరా, ఎర్త్, వైరింగ్ అన్నీ సక్రమంగా ఉండి సంకేతం మాత్రమే తప్పుగా వస్తుంటే అప్పుడు సెన్సర్ చెడిపోయినట్లు నిర్ధారణకు రావచ్చు. చాలా మోడళ్లలో సెన్సర్ విడిగా దొరకదు, పెడల్ మొత్తం మార్చవలసిందే. కొన్నింటిలో కొత్త పెడల్‌ను ఈసీఎంకు స్కానర్ ద్వారా పరిచయం చేయాలి.

చాపతోనూ చిక్కే

2009-10లో టయోటా సంస్థ లక్షలాది కార్లను వెనక్కు పిలిపించినప్పుడు ప్రధానంగా తేలినవి పెడల్‌కు అడ్డుపడే చాపలు, తొక్కితే తిరిగి పైకి రాని పెడళ్లు. 2011లో వెల్లడైన నాసా ఇంజినీర్ల అధ్యయనంలో, పరీక్షించిన ఒక పెడల్ సెన్సర్‌లో వెంట్రుక కన్నా సన్నని తగరపు పోగు పెరిగి రెండు సంకేతాలను కలిపివేసినట్లు బయటపడింది. అయితే కార్లు అదుపు తప్పి దూసుకుపోవడానికి ఎలక్ట్రానిక్ లోపమే కారణమనడానికి ఆధారాలు లభించలేదు. కాబట్టి పరీక్షను చాప నుంచే మొదలుపెట్టడం మేలు.

దారిలో మొరాయిస్తే..

బండి లింప్ మోడ్‌లోకి వెళితే కంగారుపడి పెడల్‌ను పదేపదే తొక్కరాదు. హజార్డ్ దీపాలు వేసి, వెనుక వాహనాలను గమనిస్తూ ఎడమ అంచుకు చేరి ఆపాలి. అందరూ దిగి రెయిలింగ్ అవతల నిలబడటం క్షేమం. మళ్లీ స్టార్టు చేయగానే బాగైందని సంబరపడి దూర ప్రయాణం సాగించరాదు. ఒకసారి కనిపించి మాయమైన లోపం తిరిగి ఎక్కడ తలెత్తుతుందో చెప్పలేం. తదుపరి కిరాయికి వెళ్లే ముందే పరీక్ష చేయించుకుంటే అటు డబ్బు, ఇటు ప్రాణం రెండూ దక్కుతాయి.