బట్టమేక పక్షి – ఎర్రచందనం: పట్టికలు చెప్పేదేమిటి?

కర్నూలు సీమ మెట్టలకు, వాటిని ఆనుకొని ఉన్న బళ్ళారి జిల్లా సిరుగుప్ప ప్రాంతానికి బట్టమేక పక్షి పాత పరిచయమే. తమిళనాడు సరిహద్దును సమీపించే శేషాచలం కొండలకు ఎర్రచందనం సొంత సంపద. రెండింటినీ 'అంతరించిపోతున్న జాతులు' అని ఒకే గాట కట్టడం పరిపాటి. ఆ మాట విన్న రైతుకు, సొంత పొలంలో ఎర్రచందనం నాటితే నేరమవుతుందేమోనన్న సందేహం కలుగుతుంది.

ముందుగా వర్గీకరణ. బట్టమేక శాస్త్రీయనామం ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్, కుటుంబం ఓటిడిడే. పేరులో మేక ఉన్నా, రూపంలో నిప్పుకోడిని తలపించినా, ఆ రెండింటితోను దీనికి దగ్గరి బంధుత్వం లేదు. ఎర్రచందనం టెరోకార్పస్ సాంటలైనస్. ఇది చిక్కుడు, కంది మొక్కల కుటుంబానికి చెందినది. మన అడవుల్లోని వేగిస చెట్టు దీనికి సొంత ప్రజాతి బంధువు. మంచిగంధం కుటుంబం వేరు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో బట్టమేక 2011 నుండి 'తీవ్రంగా ఆపదలో ఉన్న' జాతి. దేశంలో మిగిలినవి సుమారు 150కి మించవు, అత్యధికం రాజస్థాన్‌లోనే. ఈ పక్షి సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేలమీద పెడుతుంది. ఎదుటి చూపు మందం కావడంతో విద్యుత్ తీగలను తప్పించుకోలేదు. గడ్డిభూములు సాగులోకి వచ్చిన కొద్దీ దానికి చోటు కరవైంది. దీనికోసమే 1988లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడింది. నేడు అక్కడ దాని దర్శనమే అపురూపం.

ఎర్రచందనం అదే జాబితాలో 2018లో రెండు మెట్లు దిగి, కొద్ది కాలానికే తిరిగి 'ఆపదలో ఉన్న' తరగతికి చేరింది. దీనికి ముప్పు గొడ్డలి నుండి, కలప ధర నుండి.

అయితే ఎర్ర జాబితా శాస్త్రజ్ఞుల అంచనాయే గాని చట్టం కాదు. శిక్ష విధించేవి మన చట్టాలు. బట్టమేక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. వేటాడితే 3 నుండి 7 ఏండ్ల కారాగారం. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నందున దాని వాణిజ్యానికి తావే లేదు. ఎర్రచందనం 1995 నుండి రెండవ అనుబంధంలో ఉన్నది, అనగా అనుమతిపై వ్యాపారం సాధ్యమే. పట్టా భూమిలో నాటవచ్చును. కొట్టడానికి, తరలించడానికి మాత్రం అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అనుమతిపత్రం లేని దుంగ సొంత పొలానిదే అయినా, సరిహద్దు తనిఖీ కేంద్రంలో దొంగ సరుకుగానే పరిగణింపబడుతుంది.