ఫ్యాక్స్ కోసం పుట్టి పుస్తకాల్లో స్థిరపడింది

ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 87 లక్షల చుక్కలు వస్తాయి. అచ్చు పేజీకి తెలుపు, నలుపు చాలు కనుక చుక్కకు ఒక బిట్ సరిపోతుంది. అంటే పేజీకి ఒక మెగాబైట్ పైచిలుకు. దాన్నే గ్రూప్ 4 పద్ధతిలో కుదిస్తే చాలా పేజీలు వంద కిలోబైట్లలోపే ఇముడుతాయి. ఒక్క చుక్క కూడా పోదు.

దీని మూలం ఫ్యాక్స్ యంత్రం. 1980లో సీసీఐటీటీ అనే అంతర్జాతీయ సంస్థ గ్రూప్ 3 ఫ్యాక్స్ ప్రమాణాన్ని ఖరారు చేసింది. యంత్రం కాగితాన్ని వరస వరసగా చదువుతుంది, వరసకు 1728 చుక్కలు. విడివిడిగా చుక్కలు పంపకుండా ‘ఇన్ని తెలుపు, ఇన్ని నలుపు’ అని లెక్క పంపుతుంది. తరచూ వచ్చే లెక్కలకు పొట్టి సంకేతాలు ఇచ్చారు. అక్షరాల గీతలు సన్నగా ఉంటాయి కనుక వరసగా రెండు నల్లచుక్కలు వస్తే 11, మూడు వస్తే 10. ఖాళీ వరస మొత్తం 17 బిట్లతో సరి.

1984లో వచ్చిన గ్రూప్ 4 ప్రతి వరసనూ దాని పై వరసతో పోల్చి చూస్తుంది. రంగు మారే చోటు ఎటు, ఎంత జరిగిందో అదే రాస్తుంది. జరగకపోతే ఒక్క బిట్. రెండు వరసలూ ఖాళీ అయితే కింది వరస 1728 చుక్కలకూ కలిపి ఒకటే బిట్! ఎన్నిసార్లు చూసినా నాకిది అబ్బురమే. అయితే ఒక బిట్ చెడితే దాని కింద పేజీ అంతా పాడవుతుంది. గరగరలాడే ఫోన్ లైన్లకు ఇది పనికిరాదు, డిస్కులకు చక్కగా సరిపోతుంది. 1986లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన టిఫ్ అనే బొమ్మల ఫార్మాట్ ఆ తర్వాత గ్రూప్ 4ను తనలో చేర్చుకుంది.

ఫార్మాట్ మార్చేటప్పుడే అసలు చిక్కులు. పీబీఎం అనే బొమ్మల ఫార్మాట్‌లో 1 అంటే నలుపు, ఒక బిట్ పీఎన్‌జీలో 0 నలుపు. టిఫ్‌లో ఏది నలుపో ఫైలే చెబుతుంది. ఆ మాట చదవని ప్రోగ్రాం నల్లకాగితం మీద తెల్ల అక్షరాలు చూపిస్తుంది. మామూలు ఫ్యాక్స్‌లో అడ్డంగా అంగుళానికి 204 చుక్కలు, నిలువునా 98 మాత్రమే. ఆ లెక్క వదిలేస్తే అక్షరాలు సగం ఎత్తుకు అణగిపోతాయి. జేపెగ్‌లోకి మారిస్తే అంచుల చుట్టూ బూడిదరంగు మరకలు పడతాయి, పైగా ఫైలూ పెరుగుతుంది.

చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన, పుస్తకాలను స్కాన్ చేసి దాచే మిలియన్ బుక్ ప్రాజెక్టులో వేలాది పాత తెలుగు పుస్తకాలు ఇలా గ్రూప్ 4తో కుదించిన పేజీకో టిఫ్ ఫైలుగా నిలిచాయి. వాటిని పీడీఎఫ్ చేసేటప్పుడు నాకు భయం జేబిగ్2 అనే మరో కుదింపు ప్రమాణంతోనే. అందులో నష్టం లేని పద్ధతీ ఉంది. నష్టం ఉన్న పద్ధతి మాత్రం ఒకేలా కనిపించే అక్షరాలన్నిటికీ ఒకే బొమ్మ వాడుతుంది. 2013లో జర్మన్ పరిశోధకుడు డేవిడ్ క్రీసెల్ జిరాక్స్ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో అంకెలు మారిపోవడం గమనించాడు, కారణం ఈ పద్ధతే. థకూ ధకూ మధ్య ఉన్న తేడా ఒక చిన్న చుక్క. పాత అచ్చులో అది ముందే సగం చెరిగి ఉంటుంది.

ఇంత ప్రమాదం తలకెత్తుకోనక్కర్లేదు. పీడీఎఫ్‌కు గ్రూప్ 4 తెలుసు. టిఫ్‌లోని బిట్లను విప్పకుండా, మళ్లీ కుదించకుండా ఉన్నవి ఉన్నట్టే అందులో పెట్టుకోవచ్చు.