అసిమోవ్ నవలాప్రపంచము: శ్రోతకు తొలి గ్రంథమేది?

మన ఆలంకారికులు కావ్యమును దృశ్యమని, శ్రవ్యమని రెండుగా విభజించిరి. అయినను అచ్చుయంత్రము వచ్చిన పిదప శ్రవ్యకావ్యమును సైతము కంటితో చదువుటయే మనకు వాడుక అయినది. నేడు ఆడియో పుస్తకము ఆ పాత పేరును మరల సార్థకము చేయుచున్నది. ఒక పఠిత గ్రంథమును చదువగా ధ్వనిముద్రణ చేసి శ్రోతల కందించుటయే ఆడియో పుస్తకము. 1930 దశకమున అమెరికాలోను, ఇంగ్లండులోను చూపులేని వారి సౌకర్యార్థము గ్రామఫోను పలకలపై ఆరంభమైన ఈ ప్రయత్నము నేడు చేతిలోని ఫోనునకు చేరినది. ప్రయాణములో నున్నవారికిని, వంటపనిలో నున్నవారికిని, కండ్లు అలసిన వృద్ధులకును ఇది సాహిత్యమును చేరువ చేసినది.

పాశ్చాత్యుల వైజ్ఞానిక కల్పనా సాహిత్యములో ఒక విశేష మున్నది. ఒకే కల్పిత ప్రపంచమును ఆధారముగా గొని పది, ఇరువది గ్రంథములు వెలువడుట అచ్చట సామాన్యము. ఆ ప్రపంచములోని గ్రహములు, రాజ్యములు, యంత్రములు, చరిత్ర ఒక గ్రంథమునుండి మరియొక గ్రంథమునకు సాగుచుండును. క్రొత్తగా ప్రవేశింపదలచిన వానికి దేనితో మొదలిడవలె నన్న సందేహము సహజము. చదువరి త్రోవ తప్పినచో నాలుగు పుటలు వెనుకకు త్రిప్పి చూచుకొనును. శ్రోతకు ఆ వెసులుబాటు తక్కువ. కథ అతని కొరకు ఆగదు. తొలి గంటలోనే ఇరువది అపరిచిత నామములు చెవిని బడినచో, అతడు ఆ గ్రంథమునే గాక ఆ సాహిత్యశాఖనే తనకు గానిదని విడిచిపెట్టవచ్చును. కావున తొలి గ్రంథము నెన్నుకొనుట అల్పవిషయము గాదు. ఈ విషయమును ఐజాక్ అసిమోవ్ రచనలను ఉదాహరణముగా గొని పరిశీలింతము.

అసిమోవ్ 1920లో రష్యాలో జన్మించి, శైశవముననే తల్లిదండ్రులతో అమెరికా చేరి, న్యూయార్కు నగరమున పెరిగి, జీవరసాయన శాస్త్రమున ఆచార్యుడై, 1992లో మరణించెను. అతని నవలాప్రపంచమునకు మూడు శాఖలు. మొదటిది రోబో కథలు. మానవులకును, మానవనిర్మితములైన యంత్రములకును గల సంబంధము వాని వస్తువు. రెండవది నక్షత్రమండలము నంతటిని ఆక్రమించిన సామ్రాజ్యపు నవలలు. మూడవది 'ఫౌండేషన్' కథలు. ఆ సామ్రాజ్య పతనమును, ఆ చీకటిలో విజ్ఞానమును కాపాడు యత్నమును ఇందు వర్ణితములు. 1940 దశకమున పత్రికలలో కథలుగా మొదలైనప్పుడు రోబోలకును ఫౌండేషన్ కథలకును సంబంధము లేదు. 1982లో ప్రకటించిన 'ఫౌండేషన్స్ ఎడ్జ్' మొదలుకొని వ్రాసిన నవలలలో రచయిత మూడు శాఖలను వేలకొలది సంవత్సరముల భావిచరిత్రగా ముడివేసెను.

1988లో వెలువడిన 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్' ముందుమాటలో కథాకాలము ననుసరించి అసిమోవ్ తన గ్రంథముల కొక క్రమమును సూచించెను. తాను వాని నా వరుసలో వ్రాయలేదని కూడ అచ్చటనే చెప్పెను. చరిత్రకారునికి ఆ క్రమము ఉపయుక్తమే. తొలి శ్రోతకు మాత్రము అది సుఖావహము గాదు. ఆ వరుసలో హరి సెల్డన్ యౌవనకథ, అతని ఘనత నెరిగించు మూలగ్రంథముకంటె ముందు వచ్చును. ఒకని గొప్పదన మెరుగకయే అతని పూర్వవృత్తాంతమును గంటల తరబడి వినుట ఎవరికి రుచించును?

మహాగ్రంథమును మొదటినుండియే వినవలె నన్న నియమము మనకును లేదు. నన్నయ ఆరణ్యపర్వమును సగములో విడువగా, 13వ శతాబ్దిలో తిక్కన ఆ శేషమును ముట్టక విరాటపర్వముతోనే తన భారత మారంభించెను. శేషమును తరువాత ఎఱ్ఱన పూరించెను. వానలు గురియుటకై విరాటపర్వమును చదివించుట మన పల్లెలలో ఆచారము. భారతము నెన్నడు పూర్తిగా చదువని వారును ఆ పర్వమును విని ఆనందించిరి. దానికి కారణము లేకపోలేదు. ఒక్క నగరము, ఒక్క సంవత్సరము, మారువేషములలో నున్న కొలదిమంది పాత్రలు. కథ అందే మొదలై అందే ముగియును. పూర్వకథ కొంచెము తెలిసిన చాలును. చెవికి తగిన ప్రవేశద్వార మట్టిది.

ఈ కొలతతో చూచినచో, ప్రసిద్ధినిబట్టి ఎక్కువమంది చేపట్టు 'ఫౌండేషన్' తొలి శ్రోతకు కష్టమే. 1951లో గ్రంథముగా వెలువడిన దీనియందు ఐదు భాగములు గలవు. వానిలో నాలుగు 1940 దశకమున పత్రికలలో వచ్చిన కథలు; మొదటిది గ్రంథమునకై క్రొత్తగా వ్రాసినది. ఇందలి కథాకాలము సుమారు నూటయేబది యేండ్లు. ఒక పాత్రతో పరిచయము కుదురుసరికి కథ ఒక తరము దాటిపోవును. మహాజనసమూహముల భవిష్యత్తును గణితముచే నిర్ణయించు శాస్త్రమును సెల్డన్ కల్పించుట, ముప్పదివేల యేండ్ల అంధకారయుగమును వేయియేండ్లకు కుదింప యత్నించుట మహత్తరమైన ఊహలే. గిబ్బన్ రచించిన రోమను సామ్రాజ్య పతనచరిత్ర ఈ కల్పనకు ప్రేరకమైనది. కాని ఇందు నాయకుడు మనుష్యుడు గాడు, చరిత్రయే నాయకుడు. అట్టి నాయకుని గొంతును గుర్తుపట్టుటకు చెవికి కొంత అభ్యాసము కావలెను.

నా అభిప్రాయమున తొలి శ్రోతకు తగినది 1954లో గ్రంథరూపమున వెలువడిన 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' అను నవల. ఇది అపరాధపరిశోధన కథ. భావికాలపు న్యూయార్కు నగరము ఉక్కుకప్పుల క్రింద నున్నది. అందలి జనులు ఆకాశమును చూచి యెరుగరు. బయలన్న వారికి భయము. నగరము ప్రక్కన అన్యగ్రహవాసుల వాడలో ఒక శాస్త్రజ్ఞుడు హత్యకు గురియగును. ఆ నేరమును శోధించుటకు ఎలైజా బేలీ అను పోలీసు ఉద్యోగి నియుక్తుడగును. అతనికి తోడుగా వచ్చినవాడు డేనీల్ ఆలివా. చూచుటకు మనిషి, నిజమునకు రోబో. రోబోలను ద్వేషించు నగరములో ఆ రోబో మనిషివలె తిరుగవలెను. విరాటనగరములోని అజ్ఞాతవాసము తెలుగు శ్రోతకు ఇచ్చట స్ఫురింపక మానదు.

కథ యంతయు బేలీ వెంటనే నడచును. అతనికి తెలిసినదే మనకు తెలియును. అతడు తెలిసికొన్నప్పుడే మనమును తెలిసికొందుము. సంభాషణము లెక్కువ, వర్ణనములు తక్కువ. ప్రశ్న ఒక్కటే: హంతకు డెవడు? ఈ ప్రశ్న శ్రోతను చేయిపట్టి నడిపించును. క్రొత్త లోకపు ఆచారములు ఆ నడకలోనే అప్రయత్నముగా తెలియును.

ఒక్క దినమున అరగంటకు మించి వినలేనివారు 1950 నాటి 'ఐ, రోబో'తో మొదలిడవచ్చును. ఇందు తొమ్మిది కథలు గలవు. మానవునికి హాని చేయరాదు, మానవుని ఆజ్ఞను పాటింపవలెను, తన్ను తాను కాపాడుకొనవలెను అను మూడు సూత్రములు, మొదటిది రెండవదానికంటెను, రెండవది మూడవదానికంటెను బలవత్తరములు. ఈ సూత్రములు పరస్పరము తగులుకొన్నప్పు డేమగునన్నదే చాలవరకు కథావస్తువు. ఒక్కొక్కటి విడిగా విని ముగింపదగినది. పిదప బేలీ కథ, ఆపైని 'ఫౌండేషన్' వినుట సుకరము. మరణించిన సెల్డన్ ముందుగా ముద్రించి యుంచిన తన ప్రతిబింబముచే నిర్ణీతకాలములలో ప్రత్యక్షమై మాటలాడు ఘట్టములు, అప్పటికి సిద్ధమైన చెవికి గంభీరముగా సోకును.

గ్రంథము నెన్నుకొన్న పిదప గొంతు నెన్నుకొనవలెను. ఆంగ్లమున 'ఐ, రోబో', 'ఫౌండేషన్' గ్రంథములను స్కాట్ బ్రిక్కును, 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'ను విలియం డఫ్రిస్సును పఠించిరి. ఒక్కొక్కటి సుమారు ఎనిమిది గంటలు. కొనుటకు ముందు నమూనాభాగమును వినుట మేలు. అమెరికనుల ఉచ్చారణ మన చెవికి వెంటనే పట్టుబడదు. వేగమును కొంచెము తగ్గించుకొనుట అవమానము గాదు. సంక్షిప్త పాఠముగాక సంపూర్ణ పాఠమునే తీసికొనవలెను. పరిశోధన కథలో ఒక చిన్నమాటయే ఆధారము కావచ్చును. 1973లో బి.బి.సి. రేడియో 'ఫౌండేషన్' కథలను ఎనిమిది భాగముల నాటకముగా ప్రసారము చేసినది. అనేక కంఠములు, విచిత్ర యంత్రధ్వనులు గల ఆ నాటకము కథ తెలిసినవారికి విందు; తెలియనివారికి గందరగోళము.

ఇందు తెలుగు రచయితలు గ్రహింపదగిన దొకటి కలదు. మన నవలలును నేడు గొంతులోనికి ఎక్కుచున్నవి. తెలుగు వాక్యమున క్రియ చివర నుండును. దీర్ఘసంభాషణము ముగిసి 'అన్నాడు' అని వినబడువరకు మాటలాడినవా డెవడో శ్రోతకు తెలియదు. అచ్చులో దీనిని కన్ను ముందుగనే కనిపెట్టును, చెవి కనిపెట్టలేదు. పురాణశ్రవణమునకు వ్రాసిన మన కవులు ఈ చిక్కును ఎరిగి, వక్త పేరును ముందు చెప్పి, 'ఇట్లనియె' అని పలికి, ఆపైని మాట నారంభించిరి. ఇది ఛాందసము గాదు, శ్రోతయందలి దయ. సన్నివేశము మారినప్పుడు స్థలమును, మనుష్యులను తొలి వాక్యముననే తెలుపుట, ఒకే అక్షరముతో మొదలగు పేర్లను ప్రక్కప్రక్కన పెట్టకుండుట అట్టి దయలోనివే. గ్రంథమాలలు వ్రాయువారు ప్రతి గ్రంథమును దానియంతట అది నిలుచునట్లు కట్టినచో, శ్రోత ఏ ద్వారమున ప్రవేశించినను లోపలికి రాగలడు.