చిన్న కంప్యూటర్ పెట్టెకు అన్ని కన్నాలెందుకు?

మే నెలలో నిడదవోలులో కిటికీలు మూసిన వంటింట్లో ఎప్పుడైనా నిలబడ్డారా? బుల్లి కంప్యూటర్ పెట్టెలోని చిప్పులదీ అదే అవస్థ! కరెంటుతో పనిచేస్తూ అవి వేడెక్కుతాయి. వేడి మితిమీరితే వాటంతటవే నెమ్మదిస్తాయి. ఇరుకు పెట్టెలో గాలి తిరిగే చోటు తక్కువ. అందుకే ఆ కన్నాలు. ముందు ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతుంది. వెనక ఫ్యాను, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానులాగే, వేడిగాలిని బయటికి నెడుతుంది. ముందువైపంతా అద్దం బిగించిన పెట్టెలు అందంగానే ఉంటాయి, నాకైతే లోపలి చిప్పుల మీదే జాలి!

ఈ బుల్లి పెట్టెల్లో బిగించే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ కూర్చునే పలక, 17 సెంటీమీటర్ల చదరం. అదొక్కటే పడితే చాలదు. గ్రాఫిక్స్ కార్డు పొడవూ, ప్రాసెసర్ మీది కూలర్ ఎత్తూ పట్టాలి. కొనేముందు ఆ కొలతలు సరిచూడండి. కన్నాలకు అడ్డంగా ఉండే దుమ్ము జల్లెడ ఊడదీసి కడిగేలా ఉందో లేదో కూడా అడగండి.