మాట కూడిరాని పసివారు

చాల సంవత్సరముల క్రిందట, నేను ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో, నా తరగతియందు ఆఱేండ్ల బాలుడొకడుండెను. ఒకనాడు వానితో, "నాయనా, పలక తీసికొని, దానిమీద నీ పేరు వ్రాసి, నా బల్లమీద పెట్టుము" అంటిని. వాడు పలక తీసికొనెను, నా ముఖమువంక చూచెను, ప్రక్కపిల్లలవంక చూచెను, పలకను చంక బెట్టుకొని అట్లే నిలుచుండెను. మరల చెప్పితిని, మరల నట్లే. మూడవమాఱు నా గొంతు పెరిగినది. ఇది పొగరుబోతుతనమని తలంచి, మధ్యాహ్నపు గంట మ్రోగువఱకు వానిని గోడదగ్గఱ నిలువబెట్టితిని. వాడు ఏడ్వలేదు, ఎదురు చెప్పలేదు. అదియు నాకు పొగరుగనే తోచెను.

ఆ బాలుడు చెవిటివాడు కాడు. మందమతియు కాడు. బొంగరమునకు మేకు బిగించుటలో వానిని మించినవాడు ఆ తరగతిలో లేడు. వానికి లేనిదెల్ల, నేను ఒక్క ఊపిరిలో చెప్పిన మూడు పనులను విడదీసికొని వరుసగా మనస్సున నిలుపుకొను శక్తి. ఈ సంగతి నాకు తెలియుటకు మఱి పదేండ్లు పట్టినది. అప్పటికి వాడు బడి మానివేసి యుండెను.

మాట సరిగా రాని పిల్లయనగానే మనవారికి తోచునవి రెండే: చెవుడు, నత్తి. చెవుడు సంగతి మొదట విచారింపవలసినదే. వినికిడి పరీక్ష కాకుండ మఱియేమియు నిర్ణయింపరాదు. నత్తి వేఱు. నత్తిగలవానికి చెప్పవలసిన మాట తెలిసియే యుండును, వెలువడునప్పుడు తడబడును. ఆఱవ జార్జి చక్రవర్తి, ఇంకను యార్కు ప్రభువుగా నుండగానే, 1926వ సంవత్సరమునుండి లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశీయునివద్ద అభ్యాసము చేసినది ఈ తడబాటును తగ్గించుకొనుటకే. ఉచ్చారణ దోషము మఱియొకటి. మూడేండ్ల బిడ్డ కాకిని "తాతి" యనిన ముద్దుగా నుండును; ఆఱేండ్లు వచ్చినను అట్లే యనుచున్నచో పరీక్ష చేయింపవలెను.

నేను చెప్పబూనినది వీనిలో ఏదియు కాదు. చెవులు వినును, నాలుక తిరుగును, బుద్ధి పనిచేయును. అయినను భాష అల్లుకొనదు. మాటలు ఆలస్యముగా వచ్చును, వచ్చిన మాటలు నిలువవు, వాక్యము విఱుగును, నిన్న జరిగిన కథ చెప్పుమన్న తుది మొదలై మొదలు తుదియగును. "అన్నము తినుటకు ముందు చేతులు కడుగుకొనుము" అన్నచో, మొదట వినబడినది అన్నము గావున పిల్లవాడు అన్నముదగ్గఱ కూర్చుండును. దీనికి పలువురు పలు పేర్లు పెట్టుచుండిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన డొరొతీ బిషప్ అను పండితురాలి నాయకత్వమున ఇంగ్లీషు మాటలాడు దేశముల నిపుణులు కూడి చర్చించి, 2017లో డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అను పేరును స్థిరపఱచిరి. మనము భాషావికాస లోపమనుకొందము. ఇంగ్లండులోని సర్రే మండలమున నాలుగైదేండ్ల పిల్లలను పరీక్షించి 2016లో ప్రకటించిన యొక పరిశోధనలో, వేఱే కారణమేదియు కనబడకయే ఇట్టి లోపముగలవారు నూటికి ఏడుగురికి పైగా నున్నట్లు తేలెను. అనగా ముప్పదిమంది గల తరగతిలో సుమారు ఇద్దఱు. ఇందఱుండియు మన కంట బడకుండుటకు కారణమేమనగా, వీరు అల్లరి చేయరు, వెనుక బల్లలయందు మౌనముగా నుందురు. వారిని మనము సోమరులందుము.

తల్లి మాటలాడించనందువలన ఇది వచ్చినదనుట అన్యాయము. ఇది కుటుంబములలో పరంపరగా కనబడుట కలదు. "వాని తండ్రికిని ఐదేండ్లకు గాని మాటలు రాలేదు, భయము లేదు" అని మన పెద్దలు ధైర్యము చెప్పుదురు. నిజమున కది ధైర్యము చెప్పవలసిన మాట కాదు, త్వరపడవలసిన మాట. ఇక వసకొమ్ము సంగతి. వస నాకించిన పిల్ల వసపిట్టవలె పలుకునని నమ్మి నాలుక మంటలెక్కువఱకు రుద్దిన అవ్వలను నే నెఱుగుదును. వారి ప్రేమను శంకింపను. ఆ వేరును మాత్రము నమ్మను.

ఇట్టి పిల్లలకొఱకే ప్రత్యేకముగా ఏర్పడిన బడులలో ఇంగ్లండులోని మూర్ హౌస్ పాఠశాల ప్రసిద్ధమైనది. ఇది సర్రే మండలమున ఆక్స్‌టెడ్ అను ఊరివద్ద 1947లో స్థాపింపబడెను. వాక్యమును చెవికి మాత్రమేగాక కంటికిని చూపవలెనను మార్గము ఇచ్చట బాగుగ పెరిగినది. జాన్ లీ అను ఉపాధ్యాయుడు రంగులతో వాక్యనిర్మాణము నేర్పు పద్ధతినొకదానిని 1970లో ప్రకటించెను. తరువాతి కాలమున ఆ బడిలోనే సూసన్ ఎబెల్స్ అను చికిత్సకురాలు రంగులకు తోడు ఆకారములను గూడ చేర్చెను. అందఱు పిల్లలను దూరపు బడికి పంపుట సాధ్యము కాదు గనుక, సామాన్యమైన ప్రాథమిక పాఠశాలలోనే ఒక గదిని వీరికై కేటాయించు ఏర్పాటును వ్యాపించెను. దానిని అచ్చట లాంగ్వేజ్ యూనిట్ అందురు; భాషాతరగతి యని మనము పిలువవచ్చును.

ఆ గదిలో సామాన్యముగా ఎనమండుగురో పదిమందో పిల్లలుందురు. ఒక ఉపాధ్యాయురాలు, ఒక సహాయకురాలు, మాటల చికిత్స నేర్చిన స్పీచ్ థెరపిస్టు కలసి పని చేయుదురు. థెరపిస్టు వారమునకొకమాఱు వచ్చి పిల్లను వేఱుగదికి తీసికొనిపోయి పలికించి పంపుటకును, పాఠము జరుగుచుండగా ప్రక్కనే యుండి ఆ పాఠమునే సాధనముగా చేసికొనుటకును చాల భేదము కలదు. గోడమీద ఆనాటి పనులన్నియు బొమ్మలుగా వరుసగా నుండును; అయిన పని బొమ్మను తీసివేయుదురు. "తరువాత" యను మాట అర్థముకాని పిల్లకు తరువాత నేమియో కంటికి కనబడును.

ఒక క్రొత్తమాట నేర్పుటకు వారు పడు శ్రమ చూచిన మనకు ఆశ్చర్యము కలుగును. గొడుగు అను మాట తీసికొందము. గొడుగును చేతికిత్తురు. విప్పింతురు, మూయింతురు. అది దేనికి, ఎక్కడ నుండును, దేనితో చేయబడినది అని అడుగుదురు. గొ–డు–గు అని మూడు చప్పట్లు కొట్టింతురు. మొదటి ధ్వని యేదో చెప్పింతురు. మఱునాడు మరల, వారమునకు మరల. మామూలు పిల్ల రెండుమూడు మాఱులు విని పట్టుకొను మాటకు ఈ పిల్లకు ఎన్నియో మాఱులు కావలయును. పిల్ల తప్పు పలికినచో "తప్పు" అనరు. "కుక్క పరుగెత్తినారు" అన్నచో, "ఔను, కుక్క పరుగెత్తినది" అని సరియైన వాక్యమును తిరిగి వినిపించి సంభాషణ సాగింతురు. ప్రశ్న యడిగి వేచియుందురు. ఈ వేచియుండుటయే ఉపాధ్యాయులకు మిక్కిలి కష్టము. నేను ప్రయత్నించి చూచితిని, అయిదు క్షణములు అయిదు నిమిషములవలె నుండును.

వాక్యము కూర్చుటకు అలిసన్ బ్రయన్ అనునామె 1997లో ప్రకటించిన రంగుల పద్ధతి నేడు చాల బడులలో వాడుకలో నున్నది. ఎవరు అనునది నారింజరంగు చీటి, ఏమి చేయుచున్నాడు అనునది పసుపు, దేనిని అనునది ఆకుపచ్చ, ఎక్కడ అనునది నీలము. ఇంగ్లీషులో ఈ వరుసననే చీటీలు పేర్చిన వాక్యమగును. మన భాషలో అట్లు కుదరదు. "బాలుడు తోటలో మామిడిపండు తినుచున్నాడు" అనుటలో పసుపు చీటి కడపటికి పోవును. అంతకన్న ముఖ్యమైనది విభక్తి. "కుక్క పిల్లవానిని కఱచెను", "కుక్కను పిల్లవాడు కఱచెను" అను రెంటిలో వరుస యొకటే. ఎవరు ఎవరిని కఱచినది చెప్పునది "ని", "ను" అను చిన్న యక్షరములే. భాషావికాస లోపముగల పిల్లల చెవికి సులభముగా జాఱిపోవునవి ఇట్టి చిన్న యక్షరములే. కావున తెలుగు పిల్లలకు చీటీలు చేయువారు విభక్తికి వేఱొక గుర్తు పెట్టక తప్పదని నా యభిప్రాయము.

ఇట్టి తరగతులవలన లోపము మాయమగునని చెప్పుట సత్యము కాదు. కొందఱు కొన్ని యేండ్లలో సామాన్య తరగతికి మరలుదురు. పెక్కుమందికి చదువులోను వ్రాతలోను కష్టము మిగులును, పెద్దవారైన పిదపను కొంత యుండును. పైగా ఇరుగుపొరుగు స్నేహితులను విడిచి ప్రతిదినము దూరపు బడికి పోవుట పసివారికి చిన్న నష్టము కాదు. అందుచేత ఇంగ్లండులో ఊరి బడిలోనే, నాలుగైదేండ్ల పిల్లలను చిన్న గుంపులుగా చేసి, శిక్షణపొందిన సహాయకులచే 20 వారములు భాషాభ్యాసము చేయించు కార్యక్రమమొకటి నడుచుచున్నది. దానిని నఫీల్డు కార్యక్రమమందురు. తీవ్రమైన లోపమునకు ఇది చాలదు. స్వల్పమైన దానికి మేలు చేసినట్లు పరీక్షలలో తేలినది.

ఇంగ్లీషు బోధనగల బడులలో పిల్లలను చేర్చిన తలిదండ్రులును, విదేశములందున్న మన తెలుగు కుటుంబములును తఱచుగా నొక ప్రశ్న వేయుదురు: "ఇంటిలో తెలుగు మానివేసిన పిల్లకు మాట త్వరగా వచ్చునా?" రాదు. రెండు భాషలు వినుటవలన ఈ లోపము కలుగదు, ఒకటి మానుటవలన పోదు. ఇంట తెలుగులో గలగల మాటలాడుచు బడిలో ఇంగ్లీషున మౌనముగా నుండు పిల్లకు లోపము లేదు. ఆ భాష యింకను చాలినంత వినలేదు, అంతే. రెండింటను తడబడు పిల్లకే లోపమున్నదని శంకింపవలెను. కావున పరీక్షచేయువారు ఇంటిభాషను విడిచి ఇంగ్లీషున మాత్రము పరీక్షించిన ఆ తీర్పు నమ్మదగినది కాదు.

మన దేశమున ఈ విద్యకు మూలస్థానము మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. హైదరాబాదువారైన అలీ యావర్ జంగ్ గారి పేర బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు సికిందరాబాదు మనోవికాస్ నగరమున ప్రాంతీయ కేంద్రము కలదు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము వాక్కునకును భాషకును సంబంధించిన వైకల్యమును పేర్కొన్నది; కాని దానిని నిర్వచించుచు గొంతుపెట్టె తీసివేయబడుట, మెదడు దెబ్బచే మాట పోవుట వంటివానిని ఉదాహరించినది. పలక చంక బెట్టుకొని నిలిచిన ఆఱేండ్ల బాలుడు ఆ మాటలలో ఇముడునా యని నాకు సందేహము. చికిత్సకులు పట్టణములలోనే హెచ్చు. పల్లెనుండి వచ్చు తల్లికి ఒకరోజు కూలి పోవును, బస్సు ఖర్చు అగును. వారమున కొకమాఱు రమ్మనుట సులభము, వచ్చుట కష్టము.

కావున ఈ సంచిక చదువు తలిదండ్రులలో ఎవరికైన బిడ్డనుగూర్చి ఇట్టి యనుమానమున్నచో, వేసవి సెలవులవఱకు ఆగక, మొదట వినికిడి పరీక్ష చేయింపుడు. పిమ్మట ఒక వారము దినములు కాగితము దగ్గఱ నుంచుకొని, బిడ్డ చెప్పిన వాక్యములను దిద్దక, చెప్పినవి చెప్పినట్లే వ్రాయుడు. ఏ మాటకు ఏ పని చేసినదియు వ్రాయుడు. చేతి సైగ లేకుండ చెప్పినప్పుడు గ్రహించెనా లేదా యనుటను వేఱుగా గుర్తింపుడు. ఆ కాగితమును తరగతి ఉపాధ్యాయునికి ఒక ప్రతియు, చికిత్సకునికి ఒక ప్రతియు ఇండు.